వన్స్‌మోర్ నుంచి వ్యాఖ్య దాకా: ఒక హార్మోనియం ఆత్మకథ

హార్మోనియం గాలితో మోగే వాద్యం. ఎడమచేత్తో తిత్తిని ఆడించినప్పుడు పెట్టెలోకి చేరిన గాలి, కుడిచేతి వేలు నొక్కిన మెట్టు కింద తెరుచుకొన్న రంధ్రం గుండా బయటికి పోతూ, అక్కడ బిగించి ఉన్న సన్నని ఇత్తడి రేకును కంపింపజేస్తుంది. రీడు అని పిలిచే ఆ రేకు పొడవును, మందాన్ని బట్టి స్వరం ఏర్పడుతుంది. ఈ కథ చెప్పుకొంటున్న హార్మోనియం మూడున్నర స్థాయిలు, 42 మెట్లు, మెట్టుకు రెండేసి రీడ్లు గల పెట్టె. స్థాయి అంటే ఒక షడ్జమం నుంచి దానికి రెట్టింపు ఎత్తున ఉండే షడ్జమం దాకా గల దూరం. ఆత్మకథలు సాధారణంగా ఉత్తమపురుషలో సాగుతాయి గాని, ఇతరుల గొంతుకు ఆధారస్వరం ఇవ్వడమే వృత్తిగా గల వస్తువు తన జీవితాన్ని ప్రథమపురుషలో చెప్పుకోవడం దాని స్వభావానికి తగినది. గోదావరి డెల్టాలో పాటను విన్నవారు ఏ విధంగా తీర్పు చెబుతూ వచ్చారో, ఆ తీర్పు నాటకశాల నుంచి రేడియోకు, రేడియో నుంచి టెలివిజన్ పోటీకి చేరే క్రమంలో ఏమి పోగొట్టుకొని ఏమి సంపాదించుకొన్నదో వివరించడం ఈ ఆత్మకథ ఉద్దేశం.

నాటకశాల తీర్పు

1840ల నాటికి పారిస్‌లో కాలితో తొక్కే వాద్యంగా రూపుదిద్దుకొన్న హార్మోనియం, ఆ శతాబ్దం చివరి పాదంలో కలకత్తాలో, నేలమీద కూర్చొని వాయించడానికి వీలైన చేతి తిత్తి పెట్టెగా మారింది. తెలుగు దేశంలో దీనికి మొదట గౌరవం దక్కినది నాటకరంగంలో. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన నాటకాన్ని ప్రదర్శింపజేయడంతో డెల్టాలో ఆధునిక రంగస్థలానికి పునాది పడగా, తరువాతి దశాబ్దాల్లో చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’, తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఊరూరా వ్యాపించి, పద్యం పాడే నటుడిని ప్రజాదరణ శిఖరానికి చేర్చాయి. ఈ హార్మోనియం 1930లలో కలకత్తా నుంచి రైలులో కాకినాడ చేరి, ఒక నాటక బృందానికి చెందిన హార్మనిస్టు చేతిలో పడింది. హార్మనిస్టు అంటే పాత్రధారికి శ్రుతి అందించి, పద్యం చివర అతడు తీసే రాగాన్ని వెన్నంటి వెళ్లి, తరువాతి పాత్రధారి అందుకోవలసిన స్వరాన్ని ముందుగానే సూచించే వాద్యకారుడు. హార్మోనియం మీద మొదటి తెల్లమెట్టును ఒకటి శ్రుతి అని, దాని పక్క నల్లమెట్టును ఒకటిన్నర అని వరుసగా లెక్కిస్తారు. మైకులు లేని రోజుల్లో చివరి వరుసలో చాపమీద కూర్చొన్న ప్రేక్షకుడికి వినపడవలసి ఉండడం చేత పేరున్న నటులు నాలుగు, ఐదు శ్రుతుల్లో పాడేవారు.

గాయకుల మధ్య పోటీ టెలివిజన్‌తో పుట్టినది కాదు. పేరున్న నటులను వేర్వేరు ఊళ్ల నుంచి రప్పించి ఒక్క రాత్రికి ఒకే వేదికమీద నిలిపే కాంట్రాక్టు నాటకాలలో, ఒక అంకంలో ఒక కృష్ణుడు, మరొక అంకంలో మరొక కృష్ణుడు ప్రవేశించడం మామూలు విషయం. రాయబారం పద్యాలు చదివే కృష్ణుడు పడక సీను కృష్ణుడి కంటే మెరుగా కాదా అన్నది తెల్లవారిన తరువాత చెరువు గట్టున, పొలం గట్టున తేలేది. సభలో ఆ తీర్పుకు ఉన్న సాధనం ఒక్కటే: వన్స్‌మోర్. పద్యం నచ్చిన ప్రేక్షకులు ఈలలతో, కేకలతో దానిని మళ్లీ పాడించుకొనేవారు. రాగాన్ని ఊపిరి తీయకుండా ఎంత సేపు నిలిపితే అంత గట్టిగా వన్స్‌మోర్ పడుతుందని గ్రహించిన నటులలో కొందరు పద్యంలోని మాటను తొందరగా దాటించి, చివరి అచ్చును మాత్రం సాగదీయడం అలవరచుకొన్నారు. పద్యం అర్థం తెలిసి, సమాసాన్ని సరైన చోట విరిచి, కోపాన్ని కోపంగా, ఎత్తిపొడుపును ఎత్తిపొడుపుగా పలికిన నటుడికి కూడా వన్స్‌మోర్ వచ్చేది. ఈ రెండు వన్స్‌మోర్లు వినడానికి ఒక్కలాగే ఉండేవి. నటుడికి తాను ఏ కారణం చేత మెప్పు పొందాడో ఆ కేక చెప్పలేదు, రాని రాత్రి ఏ కారణం చేత రాలేదో అసలే చెప్పలేదు. కారణం చెప్పని తీర్పు ఎంత హృదయపూర్వకమైనదైనా, పాడేవాడికి మరునాటి సాధనలో పనికిరాదన్న విషయం ఈ పెట్టెకు నాటకశాలలోనే తెలిసివచ్చింది.

వెలి, ఆడిషన్

ఆ కాలంలోనే ఈ వాద్యం మీద కూడా ఒక తీర్పు వెలువడింది. 1938లో ఆలిండియా రేడియో ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని నిర్వహిస్తున్న జాన్ ఫౌల్డ్స్ హార్మోనియాన్ని తీవ్రంగా విమర్శిస్తూ వ్యాసం రాయగా, రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు కూడా అదే అభిప్రాయాన్ని ప్రకటించగా, 1940 మార్చి 1 నుంచి రేడియో ప్రసారాల్లో ఈ వాద్యాన్ని నిషేధించారు. ఆ నిషేధం 1971 వరకు కొనసాగి, ఆ తరువాత కూడా పరిమితులతోనే సడలింది. నిషేధానికి చూపిన కారణాలు రెండు. మొదటిది గమకం. గమకం అంటే ఒక స్వరాన్ని నిలువుగా ఉంచక, దాని చుట్టుపక్కల స్వరాలను తాకుతూ ఊపడం, జార్చడం; మెట్టుకొక స్వరం గల వాద్యానికి, రెండు మెట్ల నడుమ మార్గం లేదు. రెండవది సమభాగ శ్రుతి విధానం. ఈ విధానంలో స్థాయిని 1200 సెంట్లుగా లెక్కించి, 12 మెట్లకు తలా 100 సెంట్లు సమానంగా పంచుతారు. తంబురా మీటినప్పుడు దానంతటది వినిపించే స్వయంభూ గాంధారం షడ్జమానికి 386 సెంట్ల దూరంలో ఉండగా, హార్మోనియం మెట్టు మీది అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. పంచమంలో తేడా రెండు సెంట్లే గనుక చెవికి అందదు గాని, గాంధారంలోని 14 సెంట్ల హెచ్చు శిక్షణ పొందిన చెవికి స్పష్టంగా తెలుస్తుంది. తంబురా పక్కన సాధన చేసిన గొంతు, హార్మోనియం పక్కన పాడినప్పుడు గాంధారం తగ్గినట్లు తోచడానికి, నిజానికి గొంతు కంటే పెట్టెయే తప్పడానికి కారణం ఇది.

ఈ విమర్శలో అసత్యం లేదు. అయితే దోషాన్ని సరిగా గుర్తించిన తీర్పు, ఆ దోషం ఏ సందర్భంలో అడ్డు, ఏ సందర్భంలో కాదు అన్న విచక్షణను పక్కనబెట్టింది. తోడి రాగాన్ని వాయించడానికి చాలని వాద్యం, కొత్తగా పాట నేర్చుకొనే పిల్లకు షడ్జమ పంచమాలు చూపడానికి చాలుతుంది. 1950ల చివర నాటక బృందం చెదిరిపోగా అమలాపురంలో ఒక సంగీతం మేష్టారి ఇల్లు చేరిన ఈ హార్మోనియాన్ని ఆయన సరిగ్గా ఆ పనికే వాడారు: సరళీ స్వరాలు దాటేదాకా పెట్టె, గీతాలు మొదలుపెట్టిన నాటి నుంచి తంబురా. రేడియో ముప్పై ఏళ్ల పాటు చేయని విభజన ఒక వీధి అరుగుమీద జరిగింది.

మేష్టారి శిష్యులలో పెద్దవారు విజయవాడ వెళ్లి ఆడిషన్ ఇచ్చేవారు. 1948 డిసెంబరులో ప్రారంభమైన విజయవాడ రేడియో కేంద్రం, డెల్టాలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ రూపొందించిన ‘భక్తిరంజని’ వల్ల, కోనసీమ ఇళ్లలో తెల్లవారుజాము సంగీతానికి పర్యాయపదమైంది. ఆడిషన్ అంటే పాడేవారి ముఖం చూడకుండా గొంతునే విని, బి, బి-హై, ఎ, టాప్ అనే శ్రేణుల్లో ఒకదానిని నిర్ణయించే పరీక్ష. వన్స్‌మోర్‌లోని ఈలలూ అభిమానాలూ దీనిలో లేవు. ముఖం, కులం, ఊరు, చీర చెవికి అడ్డురావు. కాని ఫలితం ఒక అక్షరంగా వచ్చేది. బి శ్రేణి వచ్చిన అమ్మాయి బి-హై కోసం ఏది దిద్దుకోవాలో ఆ అక్షరాన్ని చూసి ఊహించుకోవలసిందే. నాటకశాల తీర్పులో ప్రేమ ఉండి కారణం లేకపోగా, రేడియో తీర్పులో నిష్పక్షపాతం ఉండి కారణం లేదు.

1996: రెండు గాలులు

ఈటీవీలో ‘పాడుతా తీయగా’ పాటల పోటీ ప్రారంభమైనది 1996లో. కార్యక్రమానికి పేరునిచ్చిన పాట, గోదావరి మీద పడవ నడిపే యువకుడి కథగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’ (1964) లోనిది. రచన ఆత్రేయ, సంగీతం కె.వి. మహదేవన్, గానం ఘంటసాల. కార్యక్రమం ప్రారంభమైన ఆ 1996లోనే నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరితోటలను నేలమట్టం చేసి, కరెంటు స్తంభాలను కూల్చివేసింది. తడిసిన టేకు ఉబ్బి, మెట్లు ఒకదానికొకటి పట్టేసి, తిత్తి గుడ్డ బూజుపట్టిన ఈ హార్మోనియాన్ని రాజమహేంద్రవరంలోని ఒక మరమ్మతుదారుడు విప్పి, నీడపట్టున ఆరబెట్టి, రీడ్లను ఒక్కొక్కటిగా సరిచేశాడు. రీడు కొసను కొద్దిగా గీరితే స్వరం పెరుగుతుంది, మొదలును గీరితే తగ్గుతుంది. మరమ్మతుదారుడు ‘ఈ పెట్టె బాగాలేదు’ అన్న మాటతో తృప్తిపడడు. ఏ మెట్టు, ఏ రీడు, కొసా మొదలా, ఎంత గీరాలి అన్నది తేల్చకుండా అతడి పని మొదలుకాదు. పాట మీద చెప్పే వ్యాఖ్య కూడా ఇంత నిర్దిష్టంగా ఉండగలదని, కరెంటు తిరిగి వచ్చి ఇంట్లో టీవీ వెలిగిన తరువాత ఆ కార్యక్రమం చూపింది.

ఆ కార్యక్రమాన్ని నడిపిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) స్వయంగా పోటీల నుంచి వచ్చినవారు. యువకుడిగా మద్రాసులో పాడిన ఒక పోటీలో ఎస్.పి. కోదండపాణి, ఘంటసాల న్యాయనిర్ణేతలుగా ఉండగా ఉత్తమ గాయకుడిగా ఎంపికయ్యారని, ఆ కోదండపాణే ఆయనకు సినిమాలో తొలి అవకాశం ఇచ్చారని ప్రసిద్ధం. శాస్త్రీయ సంగీతం క్రమపద్ధతిలో నేర్వకుండానే ‘శంకరాభరణం’ పాటలకు జాతీయ పురస్కారం అందుకొన్న గాయకుడు గనుక, శాస్త్రం తెలియని పిల్లలకు శాస్త్రం అవసరాన్ని వారి భాషలో చెప్పగలిగారు. అయితే ఆయన వ్యాఖ్యా పద్ధతికి మూలం మరొకచోట ఉన్నదని ఈ హార్మోనియం అభిప్రాయం. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథకులు. హరికథ అంటే ఒకే కళాకారుడు కథను పాడుతూ, మధ్యలో ఆపి అర్థం విప్పిచెబుతూ, సభికుల స్థాయిని బట్టి ఉపకథ జోడిస్తూ, మళ్లీ పాటను అందుకొనే ప్రదర్శన. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల వెలసిన ఈ డెల్టాకు ఆ పద్ధతి చిరపరిచితం. పోటీలో ఒక పిల్లవాడు పాట పాడడానికి ముందు ఆ చిత్రం, రచయిత, సంగీత దర్శకుడు, మొదట పాడిన గాయకుడు ఎవరో చెప్పి, పాడిన తరువాత తప్పిన పంక్తిని తాను పాడి చూపి, అందులోని మాటకు అర్థం చెప్పి, ఇంకొక సంగతిని జోడించే తీరు హరికథ తీరే. కాబట్టి కోనసీమ ఇంటి అరుగుమీద కూర్చొన్న శ్రోతకు అది న్యాయస్థానంలా గాక సభలా తోచింది.

వ్యాఖ్య వినవలసిన నాలుగు విషయాలు

ఆ సంవత్సరాల్లో మేష్టారి ఇంట్లో కార్యక్రమం ముగిసిన వెంటనే ఈ పెట్టె తెరుచుకొనేది. టీవీలో ఒక స్వరం తప్పిందని వ్యాఖ్య వచ్చినప్పుడు, ఆ స్వరాన్ని మెట్టుమీద నొక్కి శిష్యుల చేత పాడించి, వ్యాఖ్య ఎంతవరకు నిజమో మేష్టారు సరిచూసేవారు. అలా సరిచూసిన అనుభవం నుంచి, ప్రదర్శనను సమీక్షించేవారు పరిశీలించవలసిన అంశాలను నాలుగుగా విభజించవచ్చు.

మొదటిది శ్రుతి. శ్రుతి తప్పడం అని సాధారణంగా ఒకే మాటతో చెప్పే దోషంలో కనీసం మూడు వేర్వేరు దోషాలు ఇమిడి ఉంటాయి. పాటంతా ఆధారస్వరం కంటే కొద్దిగా కిందనే నడవడం ఒకటి. ఇది వాద్యబృందం ధ్వని సరిగా వినపడకపోవడం వల్ల, భయం వల్ల కలుగుతుంది. తారస్థాయి అందక పైస్వరం కిందికి జారడం రెండవది. దీనికి మందు సాధన కంటే ముందు, పాటకు ఎన్నుకొన్న శ్రుతిని అరమెట్టు దింపడం. గమకాన్ని పూర్తి చేయక మధ్యలో వదిలేయడం మూడవది. ఈ మూడింటిని వేరుచేయని వ్యాఖ్య, పాడేవాడిని నిరుత్సాహపరచడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు. ఇటీవలి కాలంలో ఫోన్లలో వచ్చిన కరోకే యాప్‌లు గొంతును కొలిచి నూటికి ఇన్ని మార్కులని చూపుతున్నాయి గాని, అవి నిలకడ స్వరాన్ని మెచ్చి, గమకాన్ని తడబాటుగా లెక్కించే ప్రమాదం ఉన్నది. రెండు మెట్ల నడుమ దారిలేని హార్మోనియానికి ఉన్న పరిమితే వేరొక రూపంలో వాటికీ సంక్రమించింది.

రెండవది లయ. లయ అంటే కాలాన్ని సమంగా నడిపించే గుణం. టేపు మీద ముందే నింపిన సంగీతానికి కాకుండా ప్రత్యక్ష వాద్యబృందంతో పాడించడం ‘పాడుతా తీయగా’ ప్రత్యేకత కావడంతో, పల్లవికి తిరిగి వచ్చేచోట గాయకుడు తొందరపడితే అది తక్షణమే బయటపడేది. చరణం మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది కూడా లయకు సంబంధించినదే. మాట మధ్యలో ఊపిరి తీస్తే తాళం తప్పకపోయినా అర్థం విరిగిపోతుంది.

మూడవది ఉచ్చారణ. ‘కళ’ అనవలసిన చోట ‘కల’ అంటే శిల్పం స్వప్నమైపోతుంది. ణ-నల తేడా, శ-ష-సల తేడా, ఒత్తక్షరాల ఊపిరి పోతే కవి రాసిన పాట వేరు, శ్రోత విన్న పాట వేరు అవుతాయి. టెలివిజన్ వ్యాఖ్యలో బాలసుబ్రహ్మణ్యం ఎక్కువ పట్టుబట్టినది ఈ అంశం మీదనే. గోదావరి జిల్లాల్లో పిల్లలు ఇంగ్లీషు మాధ్యమ బడులకు మళ్లిన దశాబ్దాల్లో, తెలుగు వర్ణమాలలోని సూక్ష్మ భేదాలను లక్షల ఇళ్లలో ఒకేసారి వినిపింపజేసిన బడి మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. మేష్టారి శిష్యులలో తెలుగు చదవడం సరిగా రాక పాటలను ఇంగ్లీషు లిపిలో రాసుకొనేవారు, ఆ లిపిలో ళ-లలకు తేడా లేదని గ్రహించి, తెలుగు లిపికి తిరిగివచ్చిన సందర్భాలు ఉన్నాయి.

నాలుగవది భావం. దీనిని కొలిచే సాధనం ఏదీ లేదు. ఈ పెట్టెకు అసలే లేదు. అయినా భావాన్ని గురించి చెప్పే వ్యాఖ్య నిర్దిష్టంగా ఉండగలదు: విరహగీతంలో చిరునవ్వు ఎందుకు పొసగదో, మూలగాయకుడి ప్రతి విరుపునూ అనుకరించడం వల్ల పాట ఎందుకు అద్దంలోని బొమ్మగా మిగిలిపోతుందో, సన్నివేశం చెప్పి వివరించవచ్చు. ‘ఫీల్ లేదు’ అన్న ఒక్క మాటతో వదిలేసే న్యాయనిర్ణేత, వన్స్‌మోర్ వేయని ప్రేక్షకుడి కంటే ఎక్కువ ఏమీ చెప్పినట్లు కాదు.

ఓట్లు, మార్కులు, మాటలు

2004లో హిందీలో ‘ఇండియన్ ఐడల్’ ప్రారంభమైన తరువాత ఎస్సెమ్మెస్ ఓటు దేశమంతటా ప్రచారం పొందింది. 2006లో కారుణ్య రెండవ స్థానం పొందడంలోను, 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలు కావడంలోను గాత్ర ప్రతిభతో పాటు తెలుగు ప్రాంతాల అభిమానమూ పనిచేసింది. ఓటును తక్కువ చేయనవసరం లేదు. అది వన్స్‌మోర్‌కు ఆధునిక రూపం, సంగీతాన్ని ప్రజల సొత్తుగా గుర్తించే పద్ధతి. కాని వన్స్‌మోర్ వేసిన ప్రేక్షకుడు ఆ పద్యాన్ని ఆ క్షణంలో విన్నవాడై ఉండాలి. ఓటు వేసేవాడు పాట విననక్కరలేదు, గాయకుడిది తన జిల్లా అని తెలిస్తే చాలు. ఇంకొకవైపు, మెచ్చుకోలుకు లేచి నిలబడడం, కన్నీరు, కేకలు కార్యక్రమాలకు అలంకారాలైన కొద్దీ, వ్యాఖ్య నిడివి పెరిగి సారం తగ్గింది. ఒకే ఎపిసోడ్‌లో అయిదుగురిని ‘అద్భుతం’ అంటే, ఆ అయిదుగురిలో ఒకరికి తక్కువ మార్కులు ఎందుకు వచ్చాయో ఇంట్లోవారికి అర్థం కాదు. కారణం చెప్పనప్పుడు పక్షపాతం ఉన్నదన్న అనుమానం పుట్టడం సహజం. అది నిజమైనా కాకపోయినా దానికి సమాధానం చెప్పగలిగినది బహిరంగంగా పలికిన కారణం మాత్రమే.

2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం మరణించగా, 2021 డిసెంబరులో ఆయన కుమారుడు చరణ్ వ్యాఖ్యాతగా, కవి చంద్రబోస్, గాయని సునీత, విజయ్ ప్రకాశ్ న్యాయనిర్ణేతలుగా ‘పాడుతా తీయగా’ తిరిగి ప్రారంభమైంది. తరువాతి సిరీస్‌లో రాజమహేంద్రవరానికి ఎదురుగట్టున ఉన్న కొవ్వూరులో పుట్టిన సంగీత దర్శకుడు కీరవాణి కూడా ఆ ఆసనంలో కూర్చొన్నారు. ఒకరే పాడి, చెప్పి, తీర్పిచ్చే హరికథ పద్ధతి స్థానంలో గాయని, కవి, సంగీత దర్శకుడు తలా ఒక కోణం నుంచి చెప్పే పద్ధతి వచ్చింది. సాహిత్యం మీద కవి, స్వరరచన మీద సంగీత దర్శకుడు, గొంతు నడక మీద గాయని మాట్లాడితే సమీక్ష సమగ్రం కాగలదు; ముగ్గురూ ఒకే మాట చెబితే మూడింతల సమయం ఖర్చవుతుంది.

ఈ హార్మోనియం ఇప్పుడు మేష్టారి మనవరాలి దగ్గర ఉన్నది. శ్రుతికి ఆమె ఫోన్‌లోని తంబురాను వాడుతూ, చిన్నపిల్లలకు స్వరస్థానాలు చూపడానికి మాత్రం పెట్టెను తెరుస్తుంది. తన విద్యార్థులు టీవీ చూసినప్పుడు ఎవరు గెలిచారని గాక, ఏ పాటకు ఏ వ్యాఖ్య వచ్చింది, అది శ్రుతికి చెందినదా, లయకా, ఉచ్చారణకా, భావానికా అని నోటు పుస్తకంలో రాయమంటుంది. ఏ గడిలోనూ పట్టని వ్యాఖ్యలను పిల్లలు చివరి పేజీలో వేరుగా రాస్తారు. ఆ పేజీ ఎంత త్వరగా నిండితే ఆ వారం కార్యక్రమం అంత పలచనైనదని ఆమె లెక్క. వన్స్‌మోర్, ఆడిషన్ శ్రేణి, ఎస్సెమ్మెస్ ఓటు, న్యాయనిర్ణేత మార్కు అన్నింటినీ చూసిన ఈ పెట్టెకు అంతకంటే సరైన కొలత కనిపించలేదు. పోటీలో గెలిచేది ఒక్కరు. వ్యాఖ్య సరైనదైతే ఓడినవారూ, అసలు పోటీకే వెళ్లనివారూ మరునాడు ఆ పాటను ముందుకంటే బాగా పాడతారు.